శుక్రవారం రావలసిన దెబ్బ

మా ధరణి మూడో తరగతి గదిలో గోడ పక్కన కూర్చుంటుంది. ఆ గోడకు పగులుంది. నేను చెప్పదలచుకున్నది ఈ రెండు ముక్కలే. ఈ రెండు ముక్కలు పట్టుకుని నేను ఎక్కని మెట్టు లేదు.

మాది గ్రానైటు ఊరు. రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు క్వారీలో మందు పేలుస్తారు. ముందు సైరను కూస్తుంది. అది వినగానే నేను గ్యాసు కట్టేసి, అలమరలో గ్లాసులు దించి, గుమ్మంలో నిలబడి ఊపిరి బిగబడతాను. మా ఆయన తిరపతయ్య ఆ క్వారీలోనే రాయికి బెజ్జాలు వేస్తాడు. మందు కూరేది వేరేవాళ్ళు. "నాది బెజ్జం వరకేనే" అంటాడు. ఆ బెజ్జంలో మందు పేలితే మేం అన్నం తింటాం. ఆ అన్నం తినే పిల్ల పక్కనున్న గోడ పగులుతుంది. ఎవరిని తిట్టాలో తెలియక నేను దేవుడికి దణ్ణం పెట్టేదాన్ని.

పగులు మొదట వెంట్రుకంత ఉండేది. తరవాత నా వేలు దూరింది. చలి తగ్గేసరికి చెయ్యి దూరింది. ఒకరోజు అందులోంచి చూస్తే అవతల మేస్తున్న గేదె కనపడింది. గేదె కూడా నన్ను చూసింది.

అందరం కలిసి అర్జీ పెట్టాం. గోడ బాగుచేయమని అడిగితే సర్కారువారు మాకు ఏకంగా ఆఫీసే ఇచ్చారు. దాని పేరు అభిఘాత తరంగ ప్రసరణ గణన కేంద్రం. నోరు తిరగక ఊళ్ళో అందరూ దెబ్బల ఆఫీసు అన్నారు. దాని డైరెక్టరు డాక్టర్ భాగ్యనాథం గారు ప్రారంభోత్సవం నాడు మైకు పట్టుకున్నారు.

"పౌరులారా! విస్ఫోటనం సంభవించినప్పుడు అభిఘాత తరంగం జనించి నలుదిశలా ప్రసరిస్తుంది. ఇంతకాలం దానిని మీరు ఒంటితో గ్రహిస్తూ వచ్చారు. ఇది అశాస్త్రీయం. ఇకమీదట దానిని గణితంతో గ్రహిద్దాం. గణనలో తేలని కంపనం కంపనమే కాదు!"

అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టకపోతే ఏమవుతుందోనని నేనూ కొట్టాను.

మర్నాటి నుంచి ఊరంతా సున్నపు గీతలు గీశారు. ఊరిని గళ్ళుగళ్ళుగా కోశారు. ఇళ్ళున్నచోట ఇంటికొక గడి, బజారుకొక గడి, బడికొక గడి. ఒక గీత మా వంటింట్లోంచే పోయింది. పొయ్యి మా గడిలో ఉంది, పొయ్యి మీద గిన్నె దించి పెట్టే అరుగు పక్కింటి ఖాసింబీ గడిలోకి పోయింది.

ఆఫీసు హాల్లో ఊళ్ళో ఎన్ని గళ్ళుంటే అన్ని బల్లలు వేశారు. ఒక్కో బల్లకు ఒక గుమస్తా, ఆయన చేతిలో ఒక పలక. వరండాలో రైలు పట్టా ముక్కతో గంట వేలాడదీశారు. అది మోగగానే ప్రతి గుమస్తా చుట్టూ ఉన్న నాలుగు బల్లల పలకలు చూసి, ఏదో కూడి, ఏదో తీసేసి, తన అంకె తను రాసుకుంటాడు. క్వారీ బల్ల మీద పుట్టిన దెబ్బ అలా ఒక్కో గంట మోతకు ఒక్కో బల్ల దాటుతుంది. అంతకన్నా ముందుకు దూకనిస్తే లెక్క చెడిపోతుందట. ఆ అంకెలను సూపరింటెండెంటు చూడాలి, డైరెక్టరు సంతకం పెట్టాలి, మధ్యలో టీ రావాలి. అందుకని గంట రోజుకు ఒక్కసారే మోగేది.

"కంప్యూటర్లు రాలేదా సారూ?" అని అడిగాడు యలమంద మామ. ఆయన మా ఇంటికి రెండోపక్క ఉండే రిటైరైన బస్సు కండక్టరు. ఎక్కడికి పోయినా చిల్లర ప్రశ్నలు వేస్తాడు.

"వచ్చినవి. వాటికి గది కేటాయింపు పరిశీలనలో ఉన్నది" అన్నారు డైరెక్టరు.

నేను బడి బల్ల వెతుక్కున్నాను. ఆ గుమస్తా పేరు చెన్నకేశవులు. మంచివాడే. పలక నాకేసి తిప్పి చూపించాడు. సున్నా ఉంది.

"అక్కా, దెబ్బ ఇంకా నా దాకా రాలా. రోజుకో బల్ల నడిచి రావాలిగదా. క్వారీ నుంచి నీ బడి దాకా అంటే వారాలు పడుద్ది."

"నిన్న పేలింది నిన్ననే తగిలింది గద నాయనా. గోడలో నా చెయ్యి దూరింది."

డైరెక్టరు గారు వెనకనుంచి విన్నారు. "అమ్మా, చెయ్యి కొలమానం కాదు. మీ చేతికి ధ్రువీకరణ ఉన్నదా?"

నేను చేతులు చీరలో దాచుకున్నాను. అవి కూడా జప్తు చేస్తారేమోనని.

కొద్దిరోజులకు హాల్లో కొత్త తంటా వచ్చింది. దెబ్బ వచ్చే బల్లకు అటూ ఇటూ ఉన్న బల్లల మీద అంకెలు పిచ్చిపిచ్చిగా ఎగురుతున్నాయి. ఖాసింబీ ఇల్లు పేలుడుకు ముందే వెనక్కి ఊగినట్టు తేలింది. డైరెక్టరు గారు రెండు రోజులు తలుపు వేసుకుని ఆలోచించి, 'కృత్రిమ జిగట' అనే విధానం అమలు చేశారు. దెబ్బ ఒక్క గడిలోనే నిలువునా పడితే లెక్క తట్టుకోలేదట. అందుకని దాన్ని మూడు గళ్ళకు పులిమేస్తారు.

పలకల మీద పులుముకుంటే మాకేం నొప్పి? కానీ ఆ వారమే మా ఇంట్లో దెబ్బకు మాగాయ జాడీ పగిలింది. సాయంత్రానికి సూపరింటెండెంటు చిన్న సుత్తి పట్టుకుని మా వీధిలోకి వచ్చాడు.

"గణన ప్రకారం ఈ నష్టం మూడు గళ్ళకు వ్యాపించవలసి ఉన్నది. ఇరుపక్కల జాడీలు ఏమాత్రం దెబ్బతినకపోవుట విధానానికి విరుద్ధం. మీ జాడీలు తెండి."

"ఏందయ్యా, బాగున్న జాడీ పగలగొడతావా?" అంది ఖాసింబీ.

"పూర్తిగా కాదమ్మా. అంచు మాత్రమే. జిగటను బట్టి."

ఆయన సుత్తితో యలమంద మామ జాడీ అంచు మీద చాలా మర్యాదగా తట్టాడు. చిన్న పెంకు లేచింది. దాన్ని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఖాసింబీ జాడీ కాస్త గట్టిది, రెండుసార్లు తట్టాల్సొచ్చింది.

"మా ఆవిడ నిన్న నా నెత్తిన మొట్టింది సారూ. దాన్ని గూడా పక్కిళ్ళకి పంచుతారా?" అన్నాడు యలమంద మామ.

"విస్ఫోటనజన్యం అయితే పరిశీలిస్తాం" అన్నాడు సూపరింటెండెంటు. నవ్వలేదు.

వీధంతా నవ్వింది. నాకు మాత్రం వేరే లెక్క తట్టింది. జాడీకి ఇంత చేసేవాళ్ళు, రేపు గోడ పడి ఒక పిల్లకు తగిలితే పక్కపిల్లలకు ఏం చేస్తారు? ఆ మాట పైకి అనలేదు. అంటే విధానంలో చేర్చుకుంటారు.

మర్నాడు ధరణిని బడికి పంపలేదు. కడుపునొప్పి అని చెప్పించాను. పది గంటలకల్లా ఆఫీసు మనిషి వచ్చాడు. గడిలో ఉండవలసిన బరువు తగ్గితే లెక్క మొత్తం తప్పుతుందట. పిల్లనైనా పంపాలి, పిల్లంత బరువున్న ఇంకొకటైనా పంపాలి. మా ఆయన నూకల బస్తాలోంచి ధరణి ఎంత తూగుతుందో అంత సంచిలో కట్టి భుజాన పెట్టుకుని వెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చాడు. ఎస్తేరు టీచరమ్మ అటెండెన్సు పిలిచింది. సంచి పలకలేదు. అయినా ఆ రోజు గడిచింది. మరుసటి రోజు మధ్యాహ్న భోజనం వండేవాళ్ళు చూసుకోకుండా అందులోంచి నాలుగు సేర్లు ఉప్మాకు తీసుకున్నారు. సాయంత్రం తూకానికి వచ్చినవాళ్ళు ధరణి తక్కువైందని తేల్చి, ఇకమీదట తినడానికి వీలైన వస్తువులను పిల్లలుగా అంగీకరించబోమని నోటీసు అంటించారు.

పిల్లను మళ్ళీ బడికి పంపాను. జడలు గట్టిగా బిగించి అల్లాను.

"అమ్మా, లాగబాక" అంది ధరణి.

"గోడకి దూరంగా జరుగమ్మా కొంచెం."

"జరిగితే పక్కనున్న రమీజాని గుద్దినట్టు అవుద్ది. టీచరు తిట్టుద్ది."

ఇంతలో బజారు బల్ల గుమస్తా ఓబులేసు బావమరిది పెళ్ళికని సెలవు పెట్టి వెళ్ళాడు. ఆయన లేకపోతే ఆయన పలక మీద రాసేవాళ్ళు లేరు. దెబ్బ బజారు దాకా వచ్చి ఆగిపోయింది. దాని వెనక వచ్చిన దెబ్బ దాన్ని కలుసుకుంది. ఆ వెనకదీ అంతే. వెనక వచ్చే తరంగం ముందరి తరంగాన్ని అందుకుని అందులో కలిసిపోవడం శాస్త్రానికి సమ్మతమేనని డైరెక్టరు గారు చెప్పారు. ఓబులేసు పెళ్ళి నుంచి జ్వరంతో వచ్చి సెలవు పొడిగించాడు.

క్వారీ యజమాని ఈ సంగతి తెలిసి పొంగిపోయాడు. దెబ్బలు బజారు దాటి పోవడం లేదని సర్కారే చెబుతుంటే ఇంక భయమేముంది? ఒకచోట పేల్చేవాళ్ళు రెండుచోట్ల పేల్చడం మొదలుపెట్టారు. మా ఆయనకు బెజ్జాల పని ఎక్కువైంది. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని తినకుండా చూసేవాడు.

"బడి గోడ ఎట్టుందే?" అని అడిగేవాడు.

"ఇంకా నిలబడే ఉంది."

"నేను మానేస్తే ఇంకోడు ఏస్తాడు. బెజ్జం బెజ్జమే." ఆ మాట అని చెయ్యి కడిగేసుకునేవాడు.

ఒక సోమవారం ఓబులేసు డ్యూటీలో చేరాడు. తను లేనప్పుడు పేరుకున్న దెబ్బలన్నీ కూడాడు. అంకె పలక మీద పట్టక వెనక్కి తిప్పి రాశాడట. హాలంతా లేచి నిలబడిందట. బజారు బల్లకూ బడి బల్లకూ మధ్య మూడు బల్లలు. మంగళ, బుధ, గురువారాల గంటలతో అవి దాటి, శుక్రవారం గంటకు అది బడి మీద పడుతుంది. సాయంత్రం ఆటోలో మైకు కట్టి ఊరంతా చాటించారు.

"శుక్రవారం పదకొండు గంటలకు మూడవ తరగతి గోడకు తీవ్ర అభిఘాతం సంభవించును! ఆ సమయమునకు విద్యార్థులను మైదానమునకు తరలించెదరు! అంతవరకు సదరు గోడ సంపూర్ణ దృఢత్వముతో ఉన్నదని ధ్రువీకరించడమైనది! కావున విద్యార్థులు యథాస్థానమున కూర్చుండవలెను!"

ఆ ప్రకటన విని ఊరందరికీ ధైర్యం వచ్చింది. శుక్రవారం కదా, ఇంకా టైముందిలే అన్నారు. నాకు ఉన్న కాస్త ధైర్యం పోయింది. గోడకు మైకు వినపడదు కదా.

మంగళవారం పొద్దున మామూలు గంట మోగింది. మధ్యాహ్నం మనసాగక బడికి వెళ్ళాను. ధరణి అన్నం తిని చెయ్యి తుడుచుకుంటోంది. జడలనిండా సున్నం పెళ్ళలు.

"ఇదేందే?"

"పైనుంచి రాల్తందమ్మా. గోడ గొణుగుతా ఉంది ఇయ్యాళ. రమీజా గూడా విన్నది."

నేను చెవి ఆనించాను. లోపల ఇసక జారుతున్న చప్పుడు. పగుల్లోంచి చూస్తే ఇప్పుడు గేదె మొత్తం కనపడింది.

"టీచరమ్మా, పిల్లల్ని బయటికి పంపండమ్మా, మీకు దణ్ణం పెడతా."

ఎస్తేరు టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది. "నాకు మాత్రం భయం లేదా మాలకొండమ్మా? నా బల్ల గూడా ఆ గోడకేగా. నిన్న ఐదు నిమిషాలు బయట కూచోబెడితే మెమో ఇచ్చారు. గడి తేలికై పోయిందంట. ఆ ఆఫీసోళ్ళు చెప్పాలమ్మా. ఆళ్ళు పొమ్మంటే ఒక్క అంగలో తీసకపోతా."

చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి ఆఫీసుకు పరుగెత్తాను. అప్పటికి ఒంటిగంటన్నర. డైరెక్టరు గారు భోజనంలో ఉన్నారు. చెన్నకేశవులు బల్లకు అడ్డంపడ్డాను.

"ఇప్పుడే పిల్లల్ని తీసెయ్యమని చెప్పు నాయనా. రెండింటికి మళ్ళీ మందు పేలుద్ది."

"అక్కా, నా పలక చూడు, ఇంకా సున్నాయే. దెబ్బ నా పలక మీదికి వస్తేగాని నేను బడి ఖాళీ చేయించే సైరను నొక్కకూడదు. ఇంకా మూడుసార్లు గంట మోగాల."

"మోగితే?"

"మోగితే వచ్చుద్ది. వస్తే నొక్కుతా."

"ఎవరు మోగించినా వచ్చుద్దా?"

చెన్నకేశవులు నాకేసి చూశాడు. తరవాత పలకకేసి చూసుకున్నాడు. "ఎవరు కొట్టారని రాయడానికి పలక మీద చోటు లేదక్కా" అన్నాడు నెమ్మదిగా.

వరండాలోకి వచ్చాను. అటెండరు టీకి వెళ్ళాడు. పట్టా ముక్క పక్కనే ఇనప కడ్డీ వేలాడుతోంది. జీవితంలో నేను గుళ్ళో గంట కూడా గట్టిగా కొట్టి ఎరుగను, దేవుడు ఉలిక్కిపడతాడేమోనని. కడ్డీ రెండు చేతుల్తో పట్టుకుని కొట్టాను.

లోపల కుర్చీలన్నీ ఒక్కసారి కదిలాయి. సగం తిన్న అన్నం డబ్బాలు పక్కకు పోయాయి. "ఇయ్యాళ పొద్దున మోగిందిగా?" అన్నారెవరో. "మోగింది మోగినట్టు రాయవయ్యా, మనకెందుకు?" అన్నారు ఇంకెవరో. సుద్దముక్కలు కిరకిరలాడాయి. ఆ చప్పుడు ఆగగానే రెండోసారి కొట్టాను.

"సంతకాలు? సంతకాలు కాలేదు!" అని సూపరింటెండెంటు అరుస్తున్నాడు. ఆయన పరుగెత్తుకుని వరండాలోకి వచ్చేసరికి మూడోది కొట్టేశాను. ఆయన నన్ను పట్టుకోబోయాడు. కానీ గంట మోగింది కదా, ఆయనకు కూడా ఒక బల్ల ఉంది. చేతులు పిసుక్కుంటూ లోపలికి పోయి తన అంకె రాసుకున్నాడు.

"వచ్చింది!" చెన్నకేశవులు కేక విన్నాను. "బడి గడికి వచ్చింది! పలక పట్టడంలా!"

సైరను మోగింది. డైరెక్టరు గారు పెరుగన్నం చేత్తోనే బయటికి వచ్చారు. పలక మీద అంకె చూసి ఆయన ముఖం పాలిపోయింది. అంత భయం నేను నా ముఖంలో తప్ప ఇంకెవరి ముఖంలోనూ చూడలేదు. "తరలించండి! తక్షణమే తరలించండి!" అంటూ జీపు కూడా ఎక్కకుండా బడి వైపు పరుగెత్తారు. వెనక నేను, నా వెనక హాలు మొత్తం. ఎవరి పలక వాళ్ళ చంకలో ఉంది.

ఎస్తేరు టీచరమ్మ అన్నంత పనీ చేసింది. మేం చేరేసరికి పిల్లలంతా మైదానం చివర ఉన్నారు. ధరణి కనపడింది. రమీజా చెయ్యి పట్టుకుని ఉంది. నేను వెళ్ళి రెండో చెయ్యి పట్టుకున్నాను.

క్వారీలో సైరను కూసింది. రోజూ కూసేదే. తరవాత దెబ్బ వచ్చింది. అదీ రోజూ వచ్చేదే, మా ఆయన వేసిన బెజ్జాల్లోంచి. కాళ్ళకింద నేల ఒక్కసారి జివ్వుమంది. మూడో తరగతి గోడ పెద్దగా చప్పుడేమీ చేయకుండా, అలిసిపోయినవాళ్ళు మంచం మీద ఒరిగినట్టు లోపలికి ఒరిగింది. బెంచీల మీద పడింది. దుమ్ము లేచింది. దుమ్ము తగ్గాక అవతలనుంచి గేదె మా అందరికేసి చూసింది.

ధరణి నా చెయ్యి గుంజింది. "అమ్మా, నా నీళ్ళ సీసా లోపలుంది. తెచ్చుకుంటా." నేను దాన్ని వదల్లేదు. ఆ రాత్రి అన్నం తినిపించేటప్పుడు కూడా వదల్లేదని మా ఆయన అంటాడు.

నాలుగోరోజు నన్ను విచారణకు పిలిచారు. ఎదురుగా డైరెక్టరు గారు, సూపరింటెండెంటు, జిల్లా నుంచి వచ్చిన ఇంకొక పెద్దాయన. మా ఆయన తలుపు దగ్గర నిలబడ్డాడు.

"గణన అక్షరాలా నిజమైంది. ఆ విషయంలో కేంద్రాన్ని అభినందిస్తూ పైనుంచి సందేశం కూడా వచ్చింది" అన్నారు డైరెక్టరు గారు. "అయితే గోడ శుక్రవారం వరకు నిలిచి ఉండవలసినది. మంగళవారమే పడినది. ఎందువల్ల? తరంగాన్ని మీరు బలవంతంగా మూడు గళ్ళు ముందుకు తోసినందువల్ల. అంటే ఆ గోడను కూల్చినది మీరు. అంగీకరిస్తారా?"

"మందు పేలింది క్వారీలో సారూ" అన్నాడు మా ఆయన తలుపు దగ్గరనుంచి. "బెజ్జాలు నేనే ఏశా. నన్నడగండి."

"ఆనాటి పేలుడు ఇంకా పొలాల్లోనే ఉన్నదయ్యా. బడికి చేరుటకు వారాలు పడుతుంది. దానికీ ఈ గోడకూ సంబంధం లేదు."

జైలంటారా, ఇంకేమైనా అంటారా అని నా భయం. కానీ గోడ కూల్చింది నువ్వేనా అని అడిగితే కాదనడానికి నాకు మనసొప్పలేదు. ఇన్ని నెలల్లో ఆ గోడ గురించి నన్ను ఒక మాట అడిగినవాళ్ళు వీళ్ళే.

"అంగీకరిస్తానండి" అన్నాను.

జిల్లా నుంచి వచ్చిన పెద్దాయన కళ్ళజోడు తీసి నాకేసి జాలిగా చూశాడు.

"శుక్రవారం దాకా ఢోకా లేదని ధ్రువీకరించిన గోడ. ఎందుకు పడగొట్టావమ్మా?"

"మా పిల్ల దాని పక్కన కూర్చుంటదండి."

ఆయన తల పంకించి సూపరింటెండెంటుకు చెప్పి రాయించాడు:

"కారణం: వ్యక్తిగతం."